సర్వర్ నెట్‌వర్క్ ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది?

ప్రశ్న: నేను చాలా ఏళ్లుగా లినక్స్ సర్వర్లు చూసుకుంటున్నాను. నెట్‌వర్క్ అమర్చే ఇఫ్‌కాన్ఫిగ్, రూట్ (route) కమాండ్లతో పని నేర్చుకున్నవాణ్ని. నెట్‌వర్క్ సెట్టింగులుండే ఫైళ్లను, అంటే సెంట్‌ఓఎస్‌లో ఐఎఫ్‌సీఎఫ్‌జీ ఫైళ్లు, డెబియన్‌లో ఇంటర్‌ఫేసెస్ ఫైలు, చూడకుండా రాసేవాణ్ని. సెంట్‌ఓఎస్ 7 సర్వర్లన్నీ రాకీ లినక్స్ 9కి మార్చాక ఆ ఫైళ్లలో ఏది పనిచేస్తుందో, ఏది చేయదో తెలియడం లేదు. నెట్‌వర్క్ సెట్టింగులకు ఉబుంటులో నెట్‌ప్లాన్, ఇంకోచోట సిస్టమ్‌డీ-నెట్‌వర్క్‌డీ. ఈమధ్య ఒక ఉబుంటు సర్వర్‌లో 50-క్లౌడ్-ఇనిట్ అనే యామల్ (సెట్టింగులు రాసే ఒక ఫార్మాట్) ఫైలు తెరిచి ఐపీ మార్చాను. అంతా బాగానే నడిచింది. కొన్ని రోజుల తర్వాత రీబూట్ చేస్తే పాత ఐపీ తిరిగొచ్చింది, సర్వీసులు పడిపోయాయి. రాత్రంతా ఒక్కణ్నే కూర్చుని సరిచేసి, మర్నాడు మీటింగులో సంజాయిషీ ఇచ్చుకున్నాను. ఇఫ్‌కాన్ఫిగ్ అని టైప్ చేస్తుంటే టీమ్‌లో కుర్రాళ్లు "అన్నా, అది పోయింది కదా" అంటారు. బాగా నడుస్తున్నదాన్ని ఎందుకు మారుస్తారు? రెండు మూడేళ్లకోసారి మళ్లీ ఓనమాలు దిద్దుకోవాలా? ఈ పనే మానేద్దామనిపిస్తోంది.

సమాధానం: ముందు ఆ పాత ఐపీ ఎలా తిరిగొచ్చిందో చూద్దాం. మీ మిగతా ఉబుంటు సర్వర్లలోనూ ఇదే పొంచి ఉండొచ్చు. మీరు రాసిన యామల్‌లో తప్పు లేదు, ఫైలే మీది కాదు. 50-క్లౌడ్-ఇనిట్ అనేది క్లౌడ్-ఇనిట్ అనే ప్రోగ్రాం బూట్ సమయంలో, బయటి నుంచి తనకు అందిన వివరాలతో రాసుకునే ఫైలు. ఇక్కడ చేసిన మార్పులు రీబూట్ తర్వాత నిలవవన్న హెచ్చరిక చాలా వెర్షన్లలో ఆ ఫైలు తొలి వరుసల్లోనే ఉంటుంది. అర్ధరాత్రి హడావిడిలో ఎవరి కంటికి ఆనుతుంది? కొన్నిచోట్ల అది మొదటి బూట్‌లో ఒక్కసారే రాస్తుంది, కొన్ని క్లౌడ్‌లలో ప్రతి బూట్‌కీ రాస్తుంది. వర్చువల్ మెషీన్‌ను క్లోన్ చేస్తే అదేదో కొత్త మెషీన్ అనుకుని మళ్లీ మొదలుపెడుతుంది. అందుకే ఒక సర్వర్‌లో నిలిచిన మార్పు పక్క సర్వర్‌లో నిలవదు.

దీనికి విరుగుడు చిన్నదే. ఈటీసీ (/etc) లోని క్లౌడ్ డైరెక్టరీలో క్లౌడ్.సీఎఫ్‌జీ.డీ అని ఒక ఉప డైరెక్టరీ ఉంటుంది. అందులో ఒక చిన్న ఫైలు పెట్టి, నెట్‌వర్క్ కింద కాన్ఫిగ్ డిజేబుల్డ్ అని రాస్తే క్లౌడ్-ఇనిట్ ఇక నెట్‌వర్క్ జోలికి రాదు. తర్వాత మీ సెట్టింగులను మీరే పేరు పెట్టిన యామల్ ఫైల్లో రాసుకోండి. పాత 50 ఫైలును మాత్రం అక్కడ వదిలేయకండి. నెట్‌ప్లాన్ ఆ డైరెక్టరీలోని యామల్ ఫైళ్లన్నిటినీ పేర్ల వరుసలో చదివి కలిపేస్తుంది. అడ్రస్‌ల జాబితాలైతే ఒకదాని వెనక ఒకటి చేరతాయి. పాత ఫైలు ఉండిపోతే ఒకే నెట్‌వర్క్ కార్డు మీద పాత ఐపీ, కొత్త ఐపీ రెండూ వచ్చి కూర్చుంటాయి. ఇది ఇంకా పెద్ద చిక్కు, ఎందుకంటే అప్పుడు ఏదీ వెంటనే పడిపోదు.

ఇక ఎందుకు మారుస్తారన్న మీ ప్రశ్న. దీనికి ఒక్క జవాబు సరిపోదు. కొన్ని మార్పులకు గట్టి కారణం ఉంది, కొన్నింటికి మీలాంటి వాళ్ల వైపు నుంచి చూస్తే లేదు. రెండింటినీ ఒకే గాటన కట్టేస్తే నేర్చుకోవాల్సిన దాని మీద కూడా విసుగు పుడుతుంది.

ఇఫ్‌కాన్ఫిగ్‌నే తీసుకోండి. 1999లో వచ్చిన 2.2 కెర్నెల్ (లినక్స్‌కు గుండెకాయ లాంటి భాగం) నాటికే లినక్స్ నెట్‌వర్కింగ్ లోపల చాలా మారిపోయింది. ఒకే ఇంటర్‌ఫేస్‌కు ఎన్ని అడ్రస్‌లైనా ఇవ్వొచ్చు, ఒకటికి మించిన రూటింగ్ టేబుళ్లు పెట్టుకోవచ్చు, ఏ ప్యాకెట్ ఏ టేబుల్ చూడాలో నియమాలు రాసుకోవచ్చు. వీటన్నిటికీ నెట్‌లింక్ అనే కొత్త దారి వేశారు. ఐపీ కమాండ్ ఆ దారిలో మాట్లాడుతుంది. ఇఫ్‌కాన్ఫిగ్ ఐఓసీటీఎల్ అనే పాత దారిలోనే ఉండిపోయింది. మీ టెస్ట్ సర్వర్‌లో ఒకసారి చేసి చూడండి: ఐపీ అడ్రస్ యాడ్‌తో ఒక కార్డుకు, లేబుల్ ఏమీ ఇవ్వకుండా, రెండో ఐపీ తగిలించి, ఇఫ్‌కాన్ఫిగ్ కొట్టండి. మొదటి ఐపీ ఒక్కటే కనిపిస్తుంది. రెండోది ఉంది, పింగ్‌కు పలుకుతోంది, సర్వీసు కూడా దాని మీద వినొచ్చు, ఇఫ్‌కాన్ఫిగ్‌కు మాత్రం కనబడదు. ఖాళీగా ఉందనుకుని అదే ఐపీని ఇంకో మెషీన్‌కు ఇచ్చారంటే ఎంత గొడవో మీకు నేను చెప్పక్కర్లేదు. ఉన్నది ఉన్నట్టు చూపించలేని పనిముట్టును పట్టుకుని సర్వర్ నడపలేం. డెబియన్ 2017లో, రెడ్‌హ్యాట్ అంతకుముందు 2014లో వచ్చిన ఆర్‌హెచ్ఈఎల్ 7 నుంచి, కనీస ఇన్‌స్టాలేషన్‌లో ఇఫ్‌కాన్ఫిగ్ ఉండే నెట్-టూల్స్ ప్యాకేజీని పెట్టడం మానేశాయి. ఈ విషయంలో మీ కుర్రాళ్ల మాటే నిజం. ఇఫ్‌కాన్ఫిగ్‌ను వదిలేయండి.

ఇంటర్‌ఫేస్ పేర్ల మార్పుకూ కారణం ఉంది. నాలుగు కార్డులున్న సర్వర్‌లో ఈత్0, ఈత్1 అన్న పేర్లు కెర్నెల్ కంటికి కార్డులు పడిన వరుసను బట్టి వచ్చేవి. ఆ వరుస మారితే పబ్లిక్ నెట్‌వర్క్, స్టోరేజ్ నెట్‌వర్క్ తారుమారయ్యేవి. లినక్స్‌లో బూట్‌ను, సర్వీసులను నడిపే సిస్టమ్‌డీలో, 2013 జనవరిలో వచ్చిన 197 వెర్షన్ నుంచి, కార్డు ఎక్కడ గుచ్చి ఉందో దాన్ని బట్టి ఈఎన్‌పీ3ఎస్0 లాంటి పేర్లు పెడుతున్నారు. అయితే మెషీన్‌లో కొత్తగా ఏదైనా కార్డు గుచ్చితే పీసీఐ బస్ అంకెలు జరిగి, నిన్నటి ఈఎన్‌పీ3 ఇవాళ ఈఎన్‌పీ4 కావచ్చు. స్థిరంగా ఉంటాయని చెప్పి తెచ్చిన పేర్లు ఇలా మారితే ఒళ్లు మండదా మరి. ముఖ్యమైన సర్వర్లలో ఆ పేర్లను నమ్ముకోకుండా, మ్యాక్ అడ్రస్‌ను (కార్డుకు ఉండే సొంత గుర్తింపు సంఖ్యను) చూసి పేరు పెట్టమని రాసుకోండి. నెట్‌ప్లాన్‌లో మ్యాచ్, సెట్-నేమ్ అందుకే ఉన్నాయి. మిగతా చోట్ల సిస్టమ్‌డీ లింక్ ఫైలు ఆ పని చేస్తుంది.

నాకు మీ కోపం పూర్తిగా న్యాయంగా కనిపించేది మూడో విషయంలో, బూట్ సమయంలో సెట్టింగులు పెట్టే పొర దగ్గర. రాకీలో ఆ పని చేసే నెట్‌వర్క్‌మేనేజర్‌ను రెడ్‌హ్యాట్ 2004లో మొదలుపెట్టింది, ఒక వైఫై నుంచి ఇంకో వైఫైకి తిరిగే ల్యాప్‌టాప్‌లను మనసులో పెట్టుకుని. కదలని సర్వర్‌లో, ఒకే స్టాటిక్ ఐపీతో ఏళ్ల తరబడి నడిచే చోట, దానివల్ల నిర్వాహకుడికి ఒరిగిందేమీ లేదు. బాండ్లు (కొన్ని కార్డులను ఒకటిగా కలిపినవి), వీల్యాన్‌లు (ఒకే వైరు మీద విడదీసిన నెట్‌వర్క్‌లు), కంటైనర్లు, నిమిషాల్లో పుట్టి నిమిషాల్లో పోయే వర్చువల్ మెషీన్లు పెరిగాక, బూట్‌లో ఒక్కసారి పరుగెత్తి ఆగిపోయే షెల్ స్క్రిప్టులు చాలలేదు, మార్పులను కనిపెట్టుకుని ఉండే డీమన్ (వెనక నిరంతరం నడిచే ప్రోగ్రాం) కావాల్సి వచ్చింది. పెద్ద డేటాసెంటర్లకు అది నిజమైన అవసరం. కానీ ఆ అవసరం లేనివాళ్ల మీద కూడా అదే భారం పడింది. పైగా రెడ్‌హ్యాట్ ఒక దారి, ఉబుంటు 17.10 నుంచి నెట్‌ప్లాన్ అనే ఇంకో దారి. డెబియన్‌ను మామూలుగా ఇన్‌స్టాల్ చేసిన సర్వర్లలో ఇంటర్‌ఫేసెస్ ఫైలు ఇంకా నడుస్తూనే ఉంది, దాని క్లౌడ్ ఇమేజ్‌లు మాత్రం నెట్‌ప్లాన్ వైపు వెళ్లాయి. ఒకే పనికి ఇన్ని దారులు ఉండటం వల్ల వచ్చే నష్టం నేర్చుకునే శ్రమ ఒక్కటే కాదు. ఏదైనా చిక్కు వచ్చి వెతికితే మూడు కాలాల సలహాలు కలిసి వస్తాయి, ఏది మీ సర్వర్‌కు వర్తిస్తుందో వాటి మీద రాసి ఉండదు.

మీ రాకీ 9 అయోమయానికి ఇంకో కారణం కూడా ఉంది. మీరు 7 నుంచి నేరుగా 9కి దూకారు. సెంట్‌ఓఎస్ 7కు 2024 జూన్ 30తో గడువు ముగిసింది కాబట్టి చాలామంది ఇలాగే చేశారు. సెంట్‌ఓఎస్, రాకీ రెండూ రెడ్‌హ్యాట్ ఆర్‌హెచ్ఈఎల్‌ను అనుసరించేవే. పాత నెట్‌వర్క్ స్క్రిప్టులను పక్కన పెడుతున్నామని ఆర్‌హెచ్ఈఎల్ 8 హెచ్చరించింది. అందులో వాటిని విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి, వాడిన ప్రతిసారీ హెచ్చరిక వచ్చేది. 2022లో వచ్చిన 9లో ఆ స్క్రిప్టులే లేవు. అంటే హెచ్చరిక వచ్చిన వెర్షన్‌ను మీరు చూడనే లేదు, రెండు మెట్ల మార్పు ఒక్కసారే మీద పడింది. 9లో ఐఎఫ్‌సీఎఫ్‌జీ ఫైలు ఉంటే నెట్‌వర్క్‌మేనేజర్ దాన్ని ఇంకా చదువుతుంది, కొత్తగా చేసేవి మాత్రం సిస్టమ్-కనెక్షన్స్ అనే డైరెక్టరీలో కీఫైల్ అనే తన సొంత రూపంలో రాస్తుంది. మీకు కొన్ని పనిచేస్తూ, కొన్ని పనిచేయకుండా కనబడటం ఇందుకే. నెట్‌వర్క్‌మేనేజర్ కమాండైన ఎన్ఎంసీఎల్ఐతో, కనెక్షన్ షో అన్నదానికి నేమ్, డివైస్, ఫైల్‌నేమ్ అనే ఫీల్డులు అడిగితే ఏ కనెక్షన్ ఏ ఫైలు నుంచి వస్తోందో తేలిపోతుంది. ఐఎఫ్‌సీఎఫ్‌జీ మిగిలి ఉంటే ఎన్ఎంసీఎల్ఐ కనెక్షన్ మైగ్రేట్‌తో ఇప్పుడే మార్చేయండి. 2025లో వచ్చిన 10లో వాటిని చదవడం కూడా తీసేశారు. కీఫైల్‌ను చేత్తో దిద్దితే దాని ఓనర్ రూట్ (root) అనే అడ్మిన్ యూజర్ అయి ఉండాలి, ఇంకెవరికీ చదివే అనుమతి ఉండకూడదు, లేకపోతే నెట్‌వర్క్‌మేనేజర్ దాన్ని పట్టించుకోదు. దిద్దాక కనెక్షన్ రీలోడ్, ఆ తర్వాత కనెక్షన్ అప్ చేయాలి.

ఇంత మార్పులోనూ మారనిది ఒకటుంది. మీరు నిలబడాల్సింది దాని మీద. ఏ పనిముట్టు ఏ ఫైలు చదివినా చివరికి కెర్నెల్‌కు అందేది అడ్రస్‌లు, లింకులు, రూట్‌లు, నియమాలే. వాటిని చూపించే ఐపీ కమాండ్ ఉబుంటులో, రాకీలో, డెబియన్‌లో ఒక్కలాగే పనిచేస్తుంది. దానికి బీఆర్ ఆప్షన్ ఇస్తే ఒక్కో ఇంటర్‌ఫేస్‌ను ఒక్కో వరుసలో చూపిస్తుంది. ఐపీ రూట్ గెట్ అని ఒక అడ్రస్ ఇస్తే, ఆ అడ్రస్‌కు ప్యాకెట్ ఏ కార్డు నుంచి, ఏ సోర్స్ ఐపీతో, ఏ గేట్‌వే మీదుగా వెళ్తుందో కెర్నెల్ నోటితోనే చెప్పిస్తుంది. కనెక్షన్లు, పోర్టులు చూడటానికి నెట్‌స్టాట్ బదులు ఎస్ఎస్ కమాండ్. మీకు సబ్‌నెట్‌లు, ఏఆర్‌పీ, రూటింగ్ ఎప్పుడో వచ్చు కాబట్టి ఓనమాలు దిద్దుకోనక్కర్లేదు.

దాని మీది పొర దగ్గర మాత్రం ఏ సర్వర్‌లోకి లాగిన్ అయినా, ఏ ఫైలూ తెరవకముందే ఒక ప్రశ్న వేసుకోండి: ఇక్కడ నెట్‌వర్క్ ఎవరి చేతిలో ఉంది? ఎన్ఎంసీఎల్ఐ డివైస్ కొట్టండి, నెట్‌వర్క్‌డీ కమాండైన నెట్‌వర్క్‌సీటీఎల్ కొట్టండి. మీ కార్డు పక్కన ఎవరు అన్‌మేనేజ్డ్ అంటున్నారో వాళ్లకు దానితో సంబంధం లేదు. ఉబుంటు సర్వర్‌లో మామూలుగా నెట్‌వర్క్‌డీ చేతిలో ఉంటుంది, కానీ దాని వెనక నెట్‌ప్లాన్, నెట్‌ప్లాన్ వెనక క్లౌడ్-ఇనిట్ ఉంటాయి. ఆ గొలుసులో అన్నిటికంటే పైన ఎవరున్నారో కనుక్కుని అక్కడ మార్చాలి. మధ్యలో ఎక్కడ మార్చినా పైవాడు వచ్చి చెరిపేస్తాడు. ఐపీ రూట్ ఇచ్చే వరుసల్లో ప్రోటో అనే మాటను కూడా గమనించండి. ప్రోటో డీహెచ్‌సీపీ అని ఉంటే ఆ రూట్ డీహెచ్‌సీపీ నుంచి వచ్చింది, ప్రోటో స్టాటిక్ అని ఉంటే సాధారణంగా ఒక డీమన్ సెట్టింగుల నుంచి. ప్రోటో కెర్నెల్ అంటే అడ్రస్ ఇవ్వగానే కెర్నెల్ తనంతట తాను పెట్టుకున్నది. అసలు ప్రోటోయే లేని రూట్ కనిపిస్తే, ఎవరో చేత్తోనో స్క్రిప్టుతోనో ఐపీ రూట్ యాడ్ కొట్టి ఉంటారు. అది రీబూట్ తర్వాత ఉంటుందో లేదో ఆ స్క్రిప్టు ఎక్కడుందో తెలిస్తేనే చెప్పగలం. పాత సర్వర్లలో ఈ ఒక్క గమనింపు బోలెడు గుట్టు బయటపెడుతుంది.

ఒక సర్వర్‌కు ఒక్కరే యజమాని ఉండాలి. నెట్‌వర్క్‌మేనేజర్, నెట్‌వర్క్‌డీ రెండూ నడుస్తూ ఒకే కార్డును పట్టుకోవడం కంటే పాత స్క్రిప్టులే నయం. ఈ మూడింట్లో ఏది గొప్పదన్న చర్చ మీద నాకు ఆసక్తి లేదు. మీ సంస్థలో ఏ డిస్ట్రో (లినక్స్ రకం) ఎక్కువో దాని సొంత పద్ధతినే పట్టుకోండి, ఎదురీదకండి. ఆర్‌హెచ్ఈఎల్ తరహాకు పదేళ్లు, ఉబుంటు ఎల్‌టీఎస్‌కు (దీర్ఘకాల సపోర్ట్ వెర్షన్‌కు) మామూలుగా ఐదేళ్లు సపోర్ట్ ఉంటుంది. ఇలాంటి పెద్ద మార్పులు వెర్షన్ మారేటప్పుడే వస్తాయి, నడిమధ్యలో కాదు. రెండు మూడేళ్లకోసారి అంతా మారినట్టు మీకు అనిపించడానికి సగం కారణం మీ దగ్గర మూడు నాలుగు రకాల డిస్ట్రోలు ఒక్కోటి ఒక్కో వయసులో ఉండటమే. వాటిని రెండుకు తగ్గించగలిగితే మీ శ్రమ సగం తగ్గుతుంది. ఆ ప్రతిపాదన మీరే పెట్టండి.

మార్పు చేసే పద్ధతి గురించి కూడా చెప్పాలి. ఐపీ కమాండ్‌తో చేసింది ఇప్పుడే అమలవుతుంది, రీబూట్‌తో పోతుంది. ఎన్ఎంసీఎల్ఐ కాన్ మాడ్‌తో చేసింది డిస్కులో భద్రంగా ఉంటుంది, కనెక్షన్‌ను మళ్లీ అప్ చేసేదాకా అమలు కాదు. ఒకదాంట్లో గెలుపు ఇవాళ్టిది, ఇంకోదాంట్లో రేపటిది. రెండూ కుదిరాయని నిర్ధారించుకోవాలంటే మార్పు చేసిన రోజే, మెయింటెనెన్స్ సమయంలోనే రీబూట్ చేసి చూడాలి. వారం తర్వాత వేరే కారణంతో రీబూట్ చేసినప్పుడు పగిలితే దాన్ని ఈ మార్పుతో ముడిపెట్టడానికే గంట పడుతుంది. దూరం నుంచి చేసేటప్పుడు ఉబుంటులో నెట్‌ప్లాన్ అప్లై బదులు నెట్‌ప్లాన్ ట్రై వాడండి. 120 సెకన్లలో మీరు ఎంటర్ నొక్కి ఒప్పుకోకపోతే పాతదానికి తిరిగి వెళ్తుంది. బాండ్లకు, బ్రిడ్జ్‌లకు ప్రత్యేక పారామీటర్లు పెట్టి ఉంటే మాత్రం దాని మీద ఆధారపడకండి, వాటిని వెనక్కి తిప్పడం దానికి చేతకాదు. తీసేసిన బ్రిడ్జ్ కూడా అప్లై చేసినంత మాత్రాన కెర్నెల్ నుంచి పోదు. ఇలాంటి చోట, రాకీ సర్వర్లలోనూ, సిస్టమ్‌డీ-రన్‌తో ఐదు నిమిషాల టైమర్ ఒకటి పెట్టండి: పాత ఫైలును మళ్లీ దాని చోట పెట్టి కనెక్షన్‌ను పైకి తెచ్చే చిన్న స్క్రిప్టుకు. మార్పు తర్వాత మీరు లోపలికి రాగలిగితే టైమర్‌ను ఆపేస్తారు, రాలేకపోతే అదే వెనక్కి తిప్పుతుంది. వీటన్నిటికంటే ముందు, నెట్‌వర్క్ అవసరం లేకుండా సర్వర్‌ను చేరే కన్సోల్ మీ చేతిలో పనిచేస్తోందో లేదో చూసుకోండి.

డీఎన్ఎస్ సంగతి క్లుప్తంగా. రిజాల్వ్.కాన్ఫ్‌లో 127.0.0.53 కనబడితే అది సిస్టమ్‌డీ-రిజాల్వ్‌డీ పెట్టిన స్థానిక అడ్రస్. అసలు సర్వర్లు ఏవో రిజాల్వ్‌సీటీఎల్ చెబుతుంది. ఆ ఫైలు మామూలు ఫైలా, సింబాలిక్ లింకా అని ముందు చూడండి. లింకైతే అందులో చేత్తో రాసింది ఎక్కువ కాలం ఉండదు.

ఫైర్‌వాల్‌లోనూ ఇదే కథ నడిచింది. ఐపీఎఫ్‌డబ్ల్యూఏడీఎం పోయి ఐపీచెయిన్స్, అది పోయి 2.4 కెర్నెల్‌తో ఐపీటేబుల్స్, 2014లో 3.13 కెర్నెల్‌తో ఎన్‌ఎఫ్‌టేబుల్స్. ఇప్పుడు ఐపీటేబుల్స్ కమాండ్ కొట్టినా చాలా డిస్ట్రోలలో అది లోపల ఎన్‌ఎఫ్‌టేబుల్స్‌లోనే రూల్స్ రాస్తుంది. ఐపీటేబుల్స్‌కు పెద్ద వీ ఆప్షన్ ఇస్తే లెగసీనా, ఎన్‌ఎఫ్ టేబుల్స్‌నా అని చెబుతుంది. రెండు రకాల రూల్స్ ఒకే సర్వర్‌లో ఉంటే, ఒక కమాండ్‌తో చూసినప్పుడు రెండోదాని రూల్స్ కనబడవు. కనబడని రూల్ ప్యాకెట్‌ను ఆపేస్తూనే ఉంటుంది.

మానేయడం గురించి. మీ ఉత్తరం రెండు సార్లు చదివాను. అందులో నన్ను ఎక్కువ బాధపెట్టింది నెట్‌ప్లాన్ కాదు, 'ఒక్కణ్నే కూర్చుని' అన్న మాట. ప్రొడక్షన్ సర్వర్ రీబూట్‌కు రెండో మనిషి లేడు, మర్నాడు సంజాయిషీ మాత్రం ఉంది. పనిముట్లు ఎంత పాతవైనా, ఎంత కొత్తవైనా ఈ పద్ధతి మనిషిని అరగదీస్తుంది. కాబట్టి నిర్ణయం తీసుకునే ముందు మీ పైవాళ్లను మూడు అడగండి: ప్రతి సర్వర్‌కూ కన్సోల్ యాక్సెస్, నెట్‌వర్క్ మార్పులకు ముందే ప్రకటించిన మెయింటెనెన్స్ సమయం, మార్పు జరిగేటప్పుడు తోడుగా ఇంకొకరు. ఆ రాత్రి ఏం జరిగిందో, క్లౌడ్-ఇనిట్ ఎలా తిరగరాసిందో ఒక పేజీలో రాసి ఆ అభ్యర్థనకు జోడించండి. సంజాయిషీగా కాదు, కారణంగా. ఇవి ఇస్తే ఈ పని మళ్లీ చేయదగ్గ పని అవుతుంది. ఇవ్వబోమంటే అప్పుడు మానేయడం గురించి ఆలోచించండి, అలాంటప్పుడు మారాల్సింది వృత్తి కాదు, సంస్థ.

ఆ రెండో మనిషి మీ టీమ్‌లోనే ఉన్నాడు. 'అన్నా' అని పిలిచే కుర్రాళ్లలో ఒకరిని పక్కన కూర్చోబెట్టుకోండి. యామల్ అతను రాస్తాడు, ఆ రూట్ అసలు ఎందుకు కావాలో, అవతలి స్విచ్‌లో ఏ వీల్యాన్ ఉందో, ఏఆర్‌పీ క్యాష్ పాతదైతే ఏమవుతుందో మీరు చెబుతారు. మిగిలిన ఉబుంటు సర్వర్లను సరిచేసే పని ఈ వారంలోనే అతనితో కలిసి మొదలుపెట్టండి.